పెన్‌జాన్స్ దొరకనప్పుడు: పైపు పొగాకుకు బదులు వెతికే లెక్క

రెండు ఔన్సుల డబ్బా అంటే 56.7 గ్రాములు. మధ్యరకం పైపు గిన్నెలో ఒక విడతకు దాదాపు రెండున్నర గ్రాముల పొగాకు పడుతుంది. ఆ లెక్కన డబ్బా మొత్తం 22 పైపులు. ఈ 22 పైపుల కోసం అమెరికాలో పైపు తాగేవారు నెలలూ ఏళ్లూ ఎదురుచూసే డబ్బా ఒకటుంది. దాని పేరు పెన్‌జాన్స్. పేరు ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న రేవు పట్టణానిది. తయారయ్యేది మాత్రం ఇంగ్లిష్ ఛానల్‌లోని జెర్సీ దీవిలో, 1820లో మొదలైన జె.ఎఫ్. జెర్మైన్ అండ్ సన్ అనే కుటుంబ సంస్థలో. ఎసొటెరికా అనే బ్రాండు కింద 2 ఔన్సుల డబ్బాల్లో, 8 ఔన్సుల సంచుల్లో అమెరికా మార్కెట్‌కు వెళుతుంది. సరుకు దిగిన రోజు నిమిషాల్లో అమ్ముడైపోతుంది. మళ్లీ ఎప్పుడొస్తుందంటే దుకాణదారు కూడా కచ్చితంగా చెప్పలేడు.

అందుకే అక్కడి పొగాకు దుకాణాల్లో ఎక్కువగా వినపడే ప్రశ్న ఇది: పెన్‌జాన్స్‌కు బదులు ఏం తాగొచ్చు? డాలస్‌లో, న్యూజెర్సీలో స్థిరపడి పైపు అలవాటు చేసుకున్న తెలుగువాళ్లూ ఇదే అడుగుతారు. జవాబుగా వచ్చేది ఎప్పుడూ మరో డబ్బా పేరే. ఆ డబ్బా కొని, తాగి, ఇది అది కాదని పక్కన పెట్టడం మామూలే. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బదులు వెతకాల్సింది పేర్లలో కాదు. ఏ ఆకు, దాన్ని ఎలా ఆరబెట్టారు, ఏ పాళ్లలో కలిపారు, ఎలా నొక్కి కోశారు, తేమ ఎంత ఉంది? ఈ ఐదింటికి జవాబులు రాసుకుంటే సగం వెతుకులాట ఇంట్లోనే పూర్తవుతుంది.

ఆ లెక్కలోకి వెళ్లేముందు ఇంకో లెక్క చెప్పాలి. పొగాకు ఏటా ప్రపంచంలో 70 లక్షల మందికి పైగా ప్రాణాలు తీస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైపు పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చకపోయినా నోరు, పెదవి, గొంతు, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పు తప్పదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పూ ఉంటుంది, పీలిస్తే అది ఇంకా పెరుగుతుంది. ఈ వ్యాసం ఇప్పటికే అలవాటున్నవారికి మాత్రమే. అలవాటు లేనివారు మొదలుపెట్టడానికి ఇందులో ఒక్క కారణం కూడా లేదు. ఇష్టమైన డబ్బా దొరకని కాలమే మానేయడానికి అనువైన కాలమని అనిపిస్తే మన దేశంలో 1800-11-2356కు ఫోన్ చేయవచ్చు. ఉచితం.

పేరు మారింది, ఆకు మారలేదు

పేరు మీద నమ్మకం పెట్టుకోకూడదనడానికి డన్‌హిల్ మంచి ఉదాహరణ. ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్ లండన్ డ్యూక్ స్ట్రీట్‌లో 1907లో పొగాకు దుకాణం తెరిచాడు. వచ్చినవారి రుచిని బట్టి ఎవరి మిశ్రమం వారికి కలిపి, నంబరు వేసి పుస్తకంలో రాసుకోవడం ఆ దుకాణం పద్ధతి. మై మిక్స్చర్ 965 అనే పేరులోని అంకె అలాంటిదే. 1981లో డన్‌హిల్ పొగాకు తయారీ బెల్‌ఫాస్ట్‌లోని ముర్రేస్‌కు వెళ్లింది. 2005లో డెన్మార్క్‌కు మారింది. 2018 నాటికి డన్‌హిల్ పేరుతో పైపు పొగాకు అమ్మడమే ఆగిపోయింది. ఆ ఏడాది ఉన్న డబ్బాలన్నీ కొని దాచుకున్నవారు ఎంతోమంది. 2019లో అవే మిశ్రమాలు అదే డెన్మార్క్ సంస్థ నుంచి పీటర్‌సన్ పేరుతో మళ్లీ వచ్చాయి. నైట్‌క్యాప్, ఎర్లీ మార్నింగ్ పైప్, 965 ఇలా పేర్లూ దాదాపు అవే. మారింది మూత మీది బ్రాండు. అంటే డన్‌హిల్ నైట్‌క్యాప్‌కు బదులు వెతికేవారికి జవాబు ఎదురుగా అరలోనే ఉంది.

దీనికి తలకిందులుగా జరిగిన కథ బాల్కన్ సోబ్రానీది. ఒకప్పుడు ఇంగ్లిష్ పద్ధతి మిశ్రమాలకు కొలమానంగా చూసిన డబ్బా అది. 2005 ప్రాంతంలో తయారీ నిలిచిపోయింది. 2011లో తిరిగొచ్చినప్పుడు దాన్ని కలిపింది పెన్‌జాన్స్‌ను కలిపే జెర్మైన్ సంస్థే. తెలుపు డబ్బా, పాత అక్షరాలు అన్నీ ఉన్నాయి. కానీ పాత కాలపు డబ్బాల్లోని, పొగ పట్టించి నల్లబరిచిన సిరియా లటాకియా ఆకు ఇప్పుడు లేదు. కొత్తదీ మంచి పొగాకే. అయినా పాత డబ్బా రుచి నాలుక మీద ఉన్నవారు దాన్ని పాతదనుకుని కొంటే నిరాశ తప్పదు.

ఈ రెండు కథలూ కలిపి చూస్తే వెతుకులాటలో మొదటి పని తేలుతుంది. దొరకనిది పేరా, ఆకా? దొరకనిది పేరైతే ఇప్పుడు ఎవరు తయారుచేస్తున్నారో కనుక్కుంటే చాలు. దొరకనిది ఆకైతే అచ్చంగా అదే రుచి వచ్చే మార్గం లేదు. దగ్గరగా వెళ్లగలం, అంతే. పెన్‌జాన్స్ సంగతి ఈ రెంటికీ భిన్నం. దాని ఆకు దొరుకుతుంది, తయారీదారు ఉన్నాడు, చేసే పరిమాణమే తక్కువ. అందుకే దానికి దగ్గరి బదులు దొరికే అవకాశం మిగతావాటికంటే మెరుగు.

కొరత ఎక్కడ పుట్టింది

పన్ను వల్ల కాదని ముందే చెప్పొచ్చు. అమెరికాలో 2009 ఏప్రిల్ 1 నుంచి పైపు పొగాకు మీద ఫెడరల్ పన్ను పౌండుకు 2.8311 డాలర్లు. రెండు ఔన్సులంటే పౌండులో ఎనిమిదో వంతు, కాబట్టి డబ్బాకు పడేది 35 సెంట్లు. చేత్తో సిగరెట్లు చుట్టుకునే పొగాకు మీద అదే రోజు నుంచి పన్ను పౌండుకు 24.78 డాలర్లు. అదే పరిమాణానికి 3 డాలర్ల 10 సెంట్లు. ఈ తేడా ఎంత పనిచేసిందంటే, చుట్టుకునే పొగాకునే పైపు పొగాకు అని ముద్ర వేసి అమ్మడం మొదలైంది. అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ నివేదిక ప్రకారం పైపు పొగాకు అమ్మకాలు 2009 జనవరిలో నెలకు 2 లక్షల 40 వేల పౌండ్లు. 2011 సెప్టెంబరుకు అవి 30 లక్షల పౌండ్లు దాటాయి. రెండేళ్ల ఎనిమిది నెలల్లో పైపు తాగేవారు పన్నెండు రెట్లు కాలేదు, సంచి మీది ముద్ర మారింది. కాబట్టి పైపు పొగాకు అమ్మకాలు పెరిగాయన్న అంకెను చూసి తయారీ పెరిగిందనుకోకూడదు.

అసలు ఇరుకు వచ్చింది నిబంధనల తేదీల దగ్గర, సంస్థల సంఖ్య దగ్గర. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2016 ఆగస్టు 8 నుంచి పైపు పొగాకును కూడా తన అదుపులోకి తెచ్చుకుంది. ఆ నియమంలో కీలకమైన తేదీ 2007 ఫిబ్రవరి 15. ఆ రోజు నాటికి అమెరికా మార్కెట్లో ఉన్న మిశ్రమానికి ఇబ్బంది లేదు. ఆ తర్వాత వచ్చినవాటికి పాత సరుకుతో సమానమని నిరూపించే దరఖాస్తు కావాలి. వాటిని దాఖలు చేయడానికి 2020 సెప్టెంబరు 9 గడువుగా పెట్టారు. పది మంది పనివాళ్లతో నడిచే చిన్న కార్ఖానాకు ఒక్కో మిశ్రమానికి ఆ కాగితాల ఖర్చు భరించడం తేలిక కాదు. కొరత ఉన్న చోట కొత్తవారు వచ్చి పూడ్చడం మామూలుగా జరిగే పని. ఇక్కడ ఆ దారి ఇరుకైపోయింది.

ఉన్నవారూ తగ్గిపోయారు. కాన్సస్ సిటీలో 1977లో మొదలైన మెక్‌క్లెలాండ్ 2018లో మూతపడింది. కావలసిన నాణ్యత ఉన్న ఆకు దొరకడం లేదన్నది వారు చెప్పిన కారణాల్లో ఒకటి. 1826 నాటి డెన్మార్క్ సంస్థ మాక్ బారెన్‌ను 2024లో స్కాండినేవియన్ టొబాకో గ్రూప్ కొనేసింది. మాక్ బారెన్ చేతిలో ఉన్న సట్లిఫ్ 1849లో పుట్టిన అమెరికా సంస్థ. రిచ్‌మండ్‌లోని దాని కార్ఖానా 2025లో మూసేశారు. ఇలా మూత పడ్డ ప్రతిచోటా పదుల సంఖ్యలో మిశ్రమాలు పోయాయి. నిన్నటిదాకా ఒకదానికి బదులుగా చెప్పుకున్న డబ్బాకే ఇవాళ బదులు వెతకాల్సి వస్తోంది. పాత జాబితాలను గుడ్డిగా నమ్మవద్దని నేననేది ఇందుకే.

ఆకు లోపల

పెన్‌జాన్స్‌లో ఉన్నవి వర్జీనియా, టర్కిష్ సహా ఓరియంటల్ ఆకులు, సైప్రస్ లటాకియా. గట్టిగా నొక్కి, వెడల్పుగా, మందంగా కోసిన పలకలు. పలకను వేళ్ల మధ్య పట్టుకుంటే నలుపు మధ్య లేత గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. కాస్త నలిపితే పొరలుగా విడిపోకుండా పొడిపొడిగా రాలుతుంది. ఇంత గట్టిగా నొక్కిన పొగాకు అంత తేలిగ్గా రాలడం చూస్తే ఆకుల నూనెలూ తేమా ఒకదానిలోకి ఒకటి ఎంతగా ఇంకాయో తెలుస్తుంది. పాళ్లు ఎంతన్నది సంస్థ చెప్పదు. చెప్పకపోయినా ఒక్కో ఆకు గుణం తెలిస్తే మనకు కావలసింది పట్టుకోవచ్చు.

వర్జీనియా గురించి తెలుగువారికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒంగోలు, కొండపి, టంగుటూరు, కందుకూరు నుంచి జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం దాకా బ్యారన్లలో కాలుతున్నది అదే. 1912లో ఏర్పడిన ఐఎల్‌టీడీ అనే పొగాకు కంపెనీతో గుంటూరు సీమలో పొగాకు వ్యాపారం రూపు మారింది. పొగాకు పరిశోధన సంస్థ 1947లో రాజమండ్రిలో వచ్చింది. పొగాకు బోర్డు 1976 జనవరి 1న ఏర్పడింది, కేంద్ర కార్యాలయం గుంటూరు. పొగాకు వేలం ఆంధ్రప్రదేశ్‌లో 1985లో మొదలైంది. మన ఆకు ప్రధానంగా సిగరెట్ల తయారీకి పోతుంది. అయినా దాని రసాయనం తెలిస్తే పైపు పొగాకు స్వభావం కూడా అర్థమవుతుంది. పచ్చాకును కర్రలకు కట్టి బ్యారన్‌లో వేలాడదీస్తారు. ముందు 35 డిగ్రీల దరిదాపు వేడిలో ఆకు పసుపెక్కుతుంది. తర్వాత క్రమంగా వేడి పెంచుతూ రంగు నిలబెడతారు, ఆకు ఆరబెడతారు. చివరికి 70 డిగ్రీల దగ్గర ఈనె ఎండుతుంది. అంతా కలిపి ఐదారు రోజులు. పసుపెక్కే దశలో ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. వేడి పెరిగి ఆకు ఎండిపోగానే ఆ చక్కెర ఖర్చు కాకుండా అలాగే నిలిచిపోతుంది. మంచి వర్జీనియా ఆకుకు మన దగ్గర ఒప్పుకునే హద్దులు ఇవి: చక్కెరలు 8 నుంచి 24 శాతం, నికొటిన్ 0.7 నుంచి 3 శాతం, క్లోరైడ్ 1.5 శాతం లోపు. క్లోరైడ్ ఎక్కువైతే ఆకు సరిగా మండదు, పదేపదే ఆరిపోతుంది.

పైపులో తీపి తగిలిందంటే అది ఎక్కువగా ఈ చక్కెరదే. పెన్‌జాన్స్ తాగినవారు చివరిదాకా సన్నని తీపి ఉంటుందంటారు. ఆ తీపి పోకూడదనుకుంటే వెతికే మిశ్రమంలో వర్జీనియా పాలు గట్టిగా ఉండాలి. వర్జీనియా స్థానంలో బర్లీ ఉంటే తీపి రాదు. బర్లీని నీడలో గాలికే నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆరబెడతారు. అంత నెమ్మదిగా ఆరుతుంటే బతికున్న ఆకు తన చక్కెరను తానే వాడేసుకుంటుంది, 1 శాతం కూడా మిగలదు. మన వినుకొండ వైపు పండేది ఈ జాతే. దాని రుచి గింజలు వేయించినట్టు పొడిగా ఉంటుంది. చెడ్డది కాదు, ఇక్కడ వెతికేది మాత్రం అది కాదు.

లటాకియా దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఈ మిశ్రమాల ముద్ర అదే. అది వేరే మొక్క కాదు. ఎండలో ఆరిన ఓరియంటల్ ఆకునే మూసిన కొట్టంలో కట్టి, కింద కట్టెల పొగ పెడతారు. సైప్రస్‌లో మాస్టిక్, మర్టిల్, పైన్ లాంటి సువాసన చెట్ల కట్టెలు వాడతారు. వారాల తరబడి పొగలో ఉండి ఆకు నల్లబడుతుంది. ఆకు సొంత ఘాటు తగ్గి పొగ వాసన పైకి వస్తుంది. పేరు సిరియా రేవు పట్టణం లటాకియాది. సిరియాలో అడవులు తరిగిపోతున్నాయని కట్టె నరకడం మీద ఆంక్షలు రావడంతో అక్కడి తయారీ తగ్గుతూ వచ్చింది, ఆ స్థానం సైప్రస్ తీసుకుంది. అమెరికాలో మిగిలిన సిరియా ఆకు నిల్వల్లో పెద్ద భాగం 2004లో ఒక గోదాము అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఆ ఆకు మీద ఆధారపడిన జి.ఎల్. పీజ్ మిశ్రమాలు కొన్ని దాంతోనే ఆగిపోయాయి, బొహీమియన్ స్కాండల్ వాటిలో ఒకటి. వాటికి బదులు వెతుకుతున్నవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే, ఆ రుచి ఇక డబ్బాలో దొరకదు. పెన్‌జాన్స్ కోసం వెతికేవారికి ఈ సమస్య లేదు. అందులోది సైప్రస్ ఆకు, ఇప్పుడు అందరూ వాడేదీ ఎక్కువగా అదే.

ఓరియంటల్ ఆకులు చిన్నవి, సువాసన ఎక్కువ, నికొటిన్ 1 శాతం దరిదాపు. కాస్త పులుపు, కాస్త అత్తరు వాసన. లటాకియా నల్లదనం కింద వీటిని గుర్తుపట్టడం కష్టం. లేకపోతే మాత్రం లోటు వెంటనే తెలుస్తుంది. పెన్‌జాన్స్‌కు బదులని చెప్పే డబ్బాల్లో ఎక్కువ తప్పిపోయేది ఇక్కడే. లటాకియా బరువు సరిపోతుంది, ఓరియంటల్ పాలు సరిపోదు.

పెరీక్ గురించి రెండు మాటలు. లూసియానాలోని సెయింట్ జేమ్స్ పారిష్‌లో ఆకును పీపాల్లో ఒత్తిడి కింద దాదాపు ఏడాది పులియబెడతారు. మిరియాల ఘాటు, మాగిన పండు వాసన వస్తాయి. పెన్‌జాన్స్ జాబితాలో అది లేదు. బదులుగా తీసుకున్న డబ్బాలో ఉంటే ముక్కులో సన్నగా కారం తగులుతుంది.

తేమ తెచ్చే తగాదా

డబ్బా తెరిచిన వెంటనే తాగి, ఇది బాగాలేదని తీర్పు చెప్పేవారు చాలామంది. తీర్పు చెప్పాల్సింది ఆకు గురించి, వారు చెబుతున్నది నీళ్ల గురించి. కొత్త డబ్బాలో తేమ 18, 20 శాతం దాకా ఉండటం మామూలే. పైపులో చక్కగా కాలడానికి 12, 13 శాతం చాలు. ఎక్కువ తేమ ఉంటే పొగతో పాటు ఆవిరి లేచి నాలుక చురుక్కుమంటుంది, తీపి తెలియదు.

దీనికి వంద రూపాయల నోటంత త్రాసు చాలు, గ్రాములో వందో వంతు చూపించేది. 20 శాతం తేమ ఉన్న పొగాకు 10 గ్రాములు తూచండి. అందులో పొడి ఆకు 8 గ్రాములు, నీళ్లు 2 గ్రాములు. తేమ 13 శాతానికి రావాలంటే 8 గ్రాముల పొడి ఆకు మొత్తంలో 87 శాతం కావాలి. 8ని 0.87తో భాగిస్తే 9.2. అంటే పళ్లెంలో పరిచిన 10 గ్రాములు 9.2 గ్రాములకు వచ్చేదాకా ఆరబెడితే సరి. పోయింది ముప్పావు గ్రాము పైచిలుకు నీళ్లు, రుచి మాత్రం వేరే డబ్బాదిలా మారిపోతుంది. ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఫ్యాన్ కింద ఇది చాలా త్వరగా అయిపోతుంది, కన్ను వేసి ఉంచాలి. విశాఖలో జులై నెలలో పూట గడిచినా త్రాసు కదలదు. అక్కడివారు ఏసీ గదిలో పెట్టుకోవడం మేలు. వాన రోజుల్లో సముద్రపు గాలిలో ఆరబెట్టిన పొగాకు మీద ఎవరి తీర్పునూ నేను నమ్మను.

వయసు కూడా లెక్కలోకి వస్తుంది. ఐదేళ్లు దాచిన పెన్‌జాన్స్‌లో లటాకియా పదును తగ్గి ఉంటుంది, వర్జీనియా మెత్తబడి ఉంటుంది. దాని పక్కన నిన్న డబ్బాకెక్కిన మిశ్రమాన్ని పెట్టి పోల్చడం న్యాయం కాదు. వీలైతే ఒకే కాలపు డబ్బాలు పోల్చాలి. లేకపోతే కొత్తదాన్ని గాజు సీసాలో బిగించి కొన్ని నెలలు వదిలేయాలి.

నాలుగు డబ్బాలు, ఒక తీర్పు

ఇప్పుడు ఐదు ప్రశ్నలతో అరలో ఉన్నవాటిని చూద్దాం. కార్నెల్ అండ్ డీల్ వారి స్టార్ ఆఫ్ ది ఈస్ట్ ఫ్లేక్ నొక్కిన పొగాకు, లటాకియా ముందుంటుంది. కోత, బరువు రెండింట్లో పెన్‌జాన్స్‌కు దగ్గర. లోటు తీపిలో. కెండల్‌లో 1792 నాటి శామ్యూల్ గావిత్ వారి స్క్వాడ్రన్ లీడర్‌లో వర్జీనియా, టర్కిష్, లటాకియా ఉన్నాయి. ఆకుల జాబితాలో దాదాపు సరిపోయింది. కానీ అది నొక్కిన పలక కాదు, సన్నని కోత. లటాకియా పాలూ తక్కువ. జి.ఎల్. పీజ్ వారి క్వైట్ నైట్స్ నొక్కి కోసినదే, లోతు ఉంది, ఓరియంటల్ ఉంది. అయితే పెరీక్ ఉంది. పీటర్‌సన్ నైట్‌క్యాప్‌లోనూ పెరీక్ ఉంది, దానికి తోడు నికొటిన్ బలం ఎక్కువ. ఖాళీ కడుపుతో తాగేది కాదు.

ఒకటే కొనుక్కోగలనంటే నేను స్టార్ ఆఫ్ ది ఈస్ట్ చెబుతాను. రెండు కొనగలిగితే దాంతో పాటు స్క్వాడ్రన్ లీడర్. మొదటిదానిలో లోటైన తీపి, ఓరియంటల్ సువాసన రెండోదానిలో ఉన్నాయి. రెండు పాళ్లు మొదటిది, ఒక పాలు రెండోది కలిపి, సీసాలో గట్టిగా కూరి మూత బిగించి నాలుగైదు వారాలు ఉంచితే ఒకదాని వాసన మరోదానికి పడుతుంది.

కలపడంలో చేతివాటం కాకుండా లెక్క పనికొస్తుంది. ఒక మిశ్రమంలో లటాకియా సగం ఉందనుకుందాం, మనకు 35 శాతం చాలు. 10 గ్రాముల్లో లటాకియా 5 గ్రాములు. 5ని 0.35తో భాగిస్తే 14.3. అంటే 4.3 గ్రాముల విడి వర్జీనియా చేర్చాలి. ఇంకోదానిలో లటాకియా 30 శాతమే ఉంది, 40 కావాలి. చాలామంది ఒక గ్రాము లటాకియా కలిపి ఊరుకుంటారు. అప్పుడు 11 గ్రాముల్లో 4 గ్రాములవుతుంది, అంటే 36 శాతం మాత్రమే. కావలసింది 1.67 గ్రాములు, అప్పుడు 11.67లో 4.67, సరిగ్గా 40. విడి లటాకియా, విడి వర్జీనియా ఔన్సుల లెక్కన అమ్మే దుకాణాలు అమెరికాలో ఉన్నాయి. డబ్బాల మీద పాళ్లు రాసి ఉండవు కాబట్టి మొదటి అంకె ఊహే. అందుకే ఒకేసారి 100 గ్రాములు కలిపేయకుండా 10 గ్రాములతో మొదలుపెట్టాలి.

పెట్టెలో పట్టేది ఎంత

అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకునే మనవాళ్లకు ఇంకో హద్దు ఉంది. మన కస్టమ్స్ బ్యాగేజీ నిబంధనల ప్రకారం ఒక ప్రయాణికుడు సుంకం లేకుండా తేగలిగేది 100 సిగరెట్లు, లేదా 25 సిగార్లు, లేదా 125 గ్రాముల పొగాకు. రెండు ఔన్సుల డబ్బాలు రెండు తెస్తే 113.4 గ్రాములు, హద్దులోనే. మూడోది తెస్తే 170 దాటుతుంది. ఎనిమిది ఔన్సుల సంచి 226.8 గ్రాములు, ఒక్కటి తెచ్చినా హద్దు దాటి 101.8 గ్రాములు. వారానికి మూడు పైపులు తాగేవారికి ఏడాదికి 390 గ్రాములు కావాలి, అంటే దాదాపు ఏడు డబ్బాలు. ఒకరి పెట్టె నాలుగు నెలలకు కూడా సరిపోదు. హద్దు మించితే చెప్పి సుంకం కట్టాలి, బంధువును ఇరుకున పెట్టకూడదు. వారానికి మూడును ఒకటికి తగ్గిస్తే ఏడాదికి 130 గ్రాములు చాలు. పెట్టె లెక్కకూ అది దగ్గరే, ఒంటికీ మేలే.

పెన్‌జాన్స్ డబ్బా ఇంకా చేతిలో ఉన్నవారికి నా విన్నపం ఒక్కటి. చివరి 10 గ్రాములు తాగేయకండి. చిన్న గాజు సీసాలో గాలి చొరకుండా మూసి, మీద తేదీ రాసి పెట్టుకోండి. ఏ బదులు డబ్బా తెచ్చినా దాన్నీ దీన్నీ ఒకే తేమకు ఆరబెట్టి, ఒకే తీరు పైపుల్లో అరగిన్నె చొప్పున వరుసగా తాగి చూడండి. జ్ఞాపకంతో పోల్చితే ఎప్పుడూ జ్ఞాపకమే గెలుస్తుంది. అరగిన్నెకు 1.25 గ్రాములు కాబట్టి ఆ 10 గ్రాములు ఎనిమిది పోలికలకు సరిపోతాయి.